తలుపు తియ్యని పిల్ల

దయ్యాల సినిమాలు చూసే ఆడదాన్ని మా వాడలో వింతగా చూస్తారు. చూడనీ. పొయ్యి మీద పప్పు ఉడికేలోపు ఫోన్లో ఒకటి అయిపోతుంది, పది నిమిషాల సినిమా. పెద్ద సినిమాల్లో దయ్యానికి పగ ఉంటుంది, ఒక పాట ఉంటుంది, చివర్లో మంత్రగాడు వచ్చి అన్నీ చక్కబెడతాడు. ఈ చిన్న సినిమాల్లో దయ్యానికి దిగులుంటుంది, అంతే. మనల్ని ఓదార్చే తీరిక వాటికి ఉండదు. మా ఇంటికి చావు అట్లాగే వచ్చింది కాబట్టి అవి నాకు అబద్ధంలా అనిపించవు.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం నేనూ నా బిడ్డా కలిసి ఒకటి చూశాం. ఒక పిల్ల ఇంట్లో ఒక్కతే ఉంటుంది. తల్లి పోయి వారమైంది. బయట ఎవరో తలుపు కొడతారు. "బిడ్డా, తలుపు తియ్యి" అని తల్లి గొంతు. పిల్ల గొళ్ళెం పట్టుకుని వణుకుతుంది కానీ తియ్యదు. చాలాసేపటికి చప్పుడు ఆగిపోతుంది. సినిమా కూడా అక్కడే ఆగిపోతుంది.

నా బిడ్డ దిండులో ముఖం దాచుకుంది. నేను ఫోన్‌ను తిట్టడం మొదలుపెట్టాను.

"తియ్యవే తలుపు. మీ అవ్వనే గదా."

"అమ్మా, అది దయ్యం."

"అయితేంది? దయ్యమైతే అవ్వ గాకుండ పోతదా?"

అని ఏడ్చేశాను. బిడ్డ బిత్తరపోయింది. దానికి అప్పటిదాకా చెప్పని సంగతి ఆరోజు చెప్పాను.

మా అమ్మానాన్నల్ని అవ్వ, బాపు అనేవాళ్ళం. బాపు మరమగ్గాలు నడిపేవాడు, అవ్వ మగ్గాలకు నూలు కండెలు చుట్టేది. ఉండేది కిరాయి ఇల్లు. అవ్వ కరీంనగర్ దవాఖానలో పోయింది. అంబులెన్స్ గేటు ముందు ఆగగానే ఇంటి ఓనరు చేతులు అడ్డం పెట్టాడు. "లోపటికి తేవద్దు. శవమొస్తే ఇల్లు ఖాళీగ పాడుపెట్టాలె, శాంతి చేపియ్యాలె. జర అర్థం చేస్కోండ్రి." బాపు కాళ్ళు పట్టుకున్నా ఆయన కదల్లేదు. రోడ్డు మీద మురికినీళ్ళ మోరీ పక్కన టార్పాలిన్ కట్టి, రోజూ తాను ఊడ్చి ముగ్గేసిన వాకిలికి ఎదురుగా అవ్వను పండబెట్టాం. వాన మొదలైంది. చిల్లుల్లోంచి కారే నీళ్ళు ఆమె పాదాల మీద పడుతుంటే కొంగుతో తుడుస్తూ కూర్చున్నాను. అందుకే సినిమాలో తలుపు బయట నిలబడ్డదాన్ని చూసి నేను భయపడలేను. లోపల ఉన్నదాని మీదే నాకు కోపం.

ఇప్పుడు జమ్మికుంటలో మాకు సొంత ఇల్లుంది. మా ఆయన మస్కట్‌లో ఉంటాడు. కింది రెండు గదులు పత్తి మార్కెట్లో హమాలీ పని చేసే అతనికి కిరాయికిచ్చాం. అతనూ, ముసలి తల్లీ. మొన్న వానాకాలంలో ఆమె మంచం పట్టింది, దవాఖానలో వేశారు. ఇక లాభం లేదని తెలిసిన రోజే పక్కింటామె వచ్చి చెవిలో చెప్పింది.

"పానం పోకముందే ఖాళీ చేపియ్యి. తర్వాత నువ్వే పరేషానైతవ్."

మా ఆయన కూడా ఫోన్ చేశాడు. "జర ఆలోచించు. రేపు కిరాయికి ఎవలస్తరు?"

"ఎవలు రాకుంటే దయ్యాలకే ఇస్త తియ్యి. నాకు అలవాటే" అన్నాను. ఆయన నవ్వలేదు. నేనూ నవ్వులాటకు అనలేదు.

ఆ రాత్రే ముసలామె పోయింది. మర్నాడు పొద్దున అంబులెన్స్ వచ్చి మా గేటు ముందు ఆగింది. వాడంతా బయటికి వచ్చి నిలబడి నా ముఖం చూస్తోంది. ముసలామె కొడుకు దిగాడు. అతని చంకలో మడతపెట్టిన టార్పాలిన్ ఉంది. నన్ను అడగకముందే కొనుక్కొచ్చాడు.

"అక్కా, రోడ్డు మీద ఏ పక్కకు కట్టుకోవాలె?"

నా ఒళ్ళు మండిపోయింది. అతని మీద కాదు. ఆ టార్పాలిన్ లాక్కుని గోడవతలకు విసిరేశాను. వెళ్ళి తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచాను. పక్కింటామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంబులెన్స్‌తో వచ్చినవాళ్ళు స్ట్రెచర్ ఎత్తారు కానీ గడప దగ్గర ఆగిపోయారు, నేను మాట మార్చుకుంటానేమోనని.

నేను వాళ్ళతో మాట్లాడలేదు. తెల్లబట్ట కింద పడుకున్న ఆమెతో, వాడంతా వినేటట్టు అన్నాను.

"రా అవ్వా. లోపటికి రా."