అవ్వకు ఊపిరందించిన మధ్యాహ్నం

బాన్సువాడలో నేను మత్తు డాక్టర్ని. ఏ నర్సింగ్ హోమ్ నుంచి ఫోన్ వస్తే అక్కడికి వెళ్తాను. రోగులు నన్ను చూసేది కళ్లు మూతపడే ముందు కాసేపు, అదీ మాస్కులో. ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో ఉన్నా కూరగాయల మార్కెట్లో నన్ను పలకరించే మనిషి లేదు. తప్పు వాళ్లది కాదు. అయినా నాకు కోపం వస్తుంది.

మొన్న వానాకాలం మహమ్మద్ నగర్ అవతలి తండా నుంచి ఒక అవ్వను తెచ్చారు. అపెండిక్స్ పగిలేలా ఉంది. ఇంతకు ముందు సూదులేమైనా వేయించారా అని ఆమె కూతుర్ని అడిగాను.

"లేదు మేడం, సీదా ఈడికే తెచ్చినం," అంది.

మత్తుతో పాటు కండరాలను సడలించే మందు ఇచ్చాను. దానితో పొట్ట మెత్తబడి సర్జన్ పని సులువవుతుంది. కానీ రోగి సొంతంగా ఊపిరి తీసుకోలేరు, మేమే అందించాలి. ఆపరేషన్ బాగానే ముగిసింది. విరుగుడు ఇచ్చాను. అవ్వ ఛాతీ కదల్లేదు. ఎంతసేపు చూసినా కదల్లేదు. నాడి బాగుంది, బీపీ బాగుంది, ఊపిరే లేదు.

కూతుర్ని థియేటర్ తలుపు దగ్గరికి పిలిపించి ఈసారి గట్టిగా అడిగాను. ఆమె ఏడ్చేసింది.

"జరమొచ్చిందని మా ఊరి డాక్టర్ రోజూ సూది ఏసిండు మేడం. చెప్తే గాయన మీదికొస్తదని చెప్పలే."

ఊరి డాక్టరంటే డిగ్రీ ఉన్న డాక్టరు కాదు, ఎప్పుడు పిలిచినా బండి వేసుకుని వచ్చే మనిషి. ఆయన్ని పట్టిస్తే రేపు జ్వరమొస్తే తండాకు దిక్కెవరు? ఫోన్ చేయించి మందు పేరు కనుక్కున్నాను. అమికాసిన్. మంచి యాంటీబయాటికే, కానీ సడలించే మందు పట్టును ఇంకా బిగిస్తుంది. తెలియక ఆపరేషన్‌కు ముందు మేమూ ఆ జాతి యాంటీబయాటిక్కే ఎక్కించాం. కాల్షియం ఇచ్చి చూశాను, పెద్దగా మార్పు లేదు. ఇక మిగిలింది మందు దిగేదాకా ఊపిరి పోయడమే.

సర్జన్ ఓపీకి వెళ్లిపోయారు. అక్కడి ఊపిరి యంత్రాన్ని నమ్మలేక, అవ్వ గొంతులోని గొట్టానికి తగిలించిన గాలి బ్యాగును నేను చేత్తోనే నొక్కుతూ కూర్చున్నాను. నిద్రమందు కొద్దికొద్దిగా ఇస్తూనే ఉన్నాను. అయినా కదల్లేని మనిషికి చెవులు పనిచేస్తాయేమోనని నాకెప్పుడూ భయమే.

"భయపడకు అవ్వా. ఊపిరి నేనిస్తున్నా. మందు దిగితే నీకే వస్తది," అని చెబుతూ ఉన్నాను. అదే మాట ఎన్నిసార్లని చెప్పను? నా సంగతులు మొదలుపెట్టాను. ఒక్కదానికి వండుకుంటే పప్పు మర్నాటికీ మిగులుతుందని, ఆదివారాలు ఎవరి గొంతూ వినకుండానే గడిచిపోతాయని, తలుపు చప్పుడైతే పక్కింటికేమో అనుకుంటానని. జవాబు రాదు కనుక హాయిగా చెప్పుకున్నాను.

పొద్దు వాలుతుండగా నేను నొక్కకుండానే బ్యాగు కొంచెం ముడుచుకుంది. మళ్లీ ముడుచుకుంది. అవ్వ ఊపిరి అది. నాకు ఏడుపొచ్చింది. ఆమె తల ఎత్తి నిలపగలిగాకే గొట్టం తీశాను.

మర్నాడు వార్డుకు మాస్కు లేకుండా వెళ్లాను. మామూలుగానే ఎవరూ పట్టించుకోలేదు, కూతురు కూడా.

"ఎట్లుంది అవ్వా?" అన్నాను.

గొంతు వినగానే అవ్వ తల తిప్పింది. నా చెయ్యి పట్టుకుంది.

"నిన్న గంతసేపు మాట్లాడితివి బిడ్డా. నాకు నోరు రాకపాయె," అంది. "ఇగ ఇప్పుడు చెప్పు. పొద్దుగాల ఏమన్న తిన్నవా?"

స్టూలు లాక్కుని ఆమె మంచం పక్కన కూర్చున్నాను.