పచ్చి బాతుగుడ్డు

మా అబ్బాయి ప్రోటీన్ పొడి కలుపుతుంటే ఆ వాసనకి ముక్కు మూసుకున్నాను.

తొంభైల్లో అమలాపురంలో కండలు పెంచిన నా ఈడువాళ్లారా, పచ్చి బాతుగుడ్డు నీచు గుర్తుందా?

పాలడబ్బాల్లో సిమెంటు పోసి చేసిన బరువులు ఎత్తిస్తూ మా మాస్టారు అనేవారు, "కోడిగుడ్డు ఏం సరిపోద్దిరా, బాతుగుడ్డు తాగు. కొవ్వు కరిగి కండ పడుద్ది."

"ఆయ్" అని రోజూ ముక్కు మూసుకుని మింగేవాణ్ణి. ఒకరోజు ఇంట్లో గుడ్లు అయిపోతే, పొదిగే కోడి కింద అమ్మమ్మ పెట్టిన బాతుగుడ్డు ఒకటి లాగాను. కళ్లు మూసుకుని నోట్లోకి పగలగొట్టుకున్నాను. నాలిక మీద ఏదో మెత్తగా కదిలింది. ఉమ్మేశాను.

నేల మీద జిగురులో చిన్న కాలు.

ఆ కాలికున్నంత కండ కూడా నాకెప్పుడూ రాలేదు.