నడక చూసి చెప్పే ఓనరమ్మ

పోయిన గురువారం పొద్దున నేను డ్యూటీలో ఉండగా మా ఓనరమ్మ కూతురు ఫోన్ చేసింది. ఆ అమ్మాయి నాకు ఎన్నడూ ఫోన్ చేయదు. తెరమీద పేరు చూడగానే ఇల్లు ఖాళీ చేయమని చెప్పడానికే అనుకుని ఎత్తలేదు. రెండోసారి మోగింది, అప్పుడూ ఎత్తలేదు. తర్వాత మెసేజ్ వచ్చింది. "అన్నా, అమ్మ పొద్దుగాల ఏడింటికి చనిపోయింది." మెషీన్ ఆపమని పక్కవాడికి చెప్పి, గోడకు ఆనుకుని చాలాసేపు నిలబడ్డాను. ఆమె పోయిందన్న బాధకంటే ముందు, ఆ రెండు కాల్స్ ఎందుకు ఎత్తలేదన్న సిగ్గు వచ్చింది.

నా సంగతి ముందే చెప్పాలి. నాచారంలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ లైను దగ్గర తనిఖీ చేస్తాను. గోలీ లేని గుంట ఎక్కడుందోనని రోజంతా స్ట్రిప్పులు చూడటమే పని. ఏళ్ల తరబడి అదే చూసీ చూసీ, మనుషులను కూడా ఏదో దాస్తున్నారన్న కంటితోనే చూడటం అలవాటైంది. నా భార్య దీన్ని జబ్బు అంటుంది. ఓనరమ్మ మాత్రం మెచ్చుకునేది, ఆమెకు నాకంటే ఎక్కువ అనుమానం కాబట్టి.

పాలప్యాకెట్టును వేళ్ళతో నొక్కి చూడనిదే తీసుకునేది కాదు. గేటు గొళ్లెం పెట్టాక వెనక్కి వచ్చి మళ్లీ లాగి చూసేది. ఎవరింట్లోనైనా చాయ్ ఇస్తే, ఇచ్చినవాళ్లు ఒక గుక్క తాగేదాకా కప్పు ముట్టేది కాదు. ఎనిమిదేళ్ల కింద నేను పై వాటా అద్దెకు అడగడానికి వెళ్లినప్పుడు ఉద్యోగం, కులం, గోత్రం ఏదీ అడగలేదు. "బిడ్డా, పోయి గా గేటు జర దగ్గరికేసి రా" అంది. వేసి వచ్చాను. తలుపు తాళం చేతికిచ్చింది. నా నడక చూడటానికే పంపిందని చాలా రోజుల తర్వాత తెలిసింది.

నాచారం పాత ఊళ్లో వాళ్లది వ్యవసాయం చేసుకున్న ఇల్లు. పొలాలు ఎప్పుడో కాలనీలైపోయాయి. భర్త చిన్న వయసులోనే పోతే, ఆమె బర్రెలను పెట్టుకుని ఇల్లు నడిపింది. పశువుల అంగడికి తనే పోయి, తనే బేరం చేసి తెచ్చేది. అక్కడ అమ్మేవాళ్లు కుంటి బర్రెను ఎట్లా దాస్తారో కథలు కథలుగా చెప్పేది. కొనేవాళ్లు రాకముందే తెచ్చి నిలబెడతారట. చెడ్డ కాలు గడ్డిలో ఉండేటట్టు చూస్తారట. కొనేవాళ్లు పోయేదాకా అక్కడి నుంచి కదిలించరట. "నిలవెట్టి సూపిస్తె ఏ బర్రె అయినా మంచిగనె ఉంటది. నడిపియ్యమనాలె" అనేది.

ఇక ఫుట్‌బాల్ సంగతి. నేను, మల్కాజిగిరిలో ఉండే మా బామ్మర్ది, రామంతాపూర్‌లో షేర్ ఆటో నడిపే నా దోస్తు, ముగ్గురం యూరప్‌లోని ఒకే క్లబ్బుకు భక్తులం. ఎర్ర చొక్కాల క్లబ్బు. దాని ఊరు మేం చూసింది లేదు, చూసేదీ లేదు. పెద్ద మ్యాచులు మన టైములో అర్ధరాత్రి దాటాకే ఉంటాయి కాబట్టి ఎవరిళ్లలో వాళ్లం చూసుకుంటాం. కానీ మ్యాచు ఉన్న రోజు సాయంత్రం మా ఇంటి మెట్లమీద ముగ్గురం కలవాల్సిందే. నిజం చెప్పాలంటే మాకు ఆటకంటే ఆ రెండు గంటల ముచ్చటే ఇష్టం. రిఫరీ ఏ దేశంవాడు, పోయినసారి మనకు పెనాల్టీ ఎందుకివ్వలేదు, కోచ్ ఎవరిని దాచిపెడుతున్నాడు, గోల్‌కీపర్ ఎందుకు ముభావంగా ఉన్నాడు, ఇవే మాటలు. ముగ్గురికీ ఎవరిమీదా నమ్మకం లేదు.

కింద తలుపు దగ్గర కూర్చుని ఓనరమ్మ మమ్మల్ని అనుమానించింది. ఒకే రంగు చొక్కాలేసుకుని ముగ్గురు మగవాళ్లు మెట్లమీద గుసగుసలాడుతుంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. ఏదో పార్టీ మనుషులమనుకుందట. ఒక సాయంత్రం మెట్లెక్కి వచ్చి సూటిగా అడిగేసింది. ఆట గురించి అని చెబితే నమ్మలేదు. నమ్మించడానికి మా బామ్మర్ది ఫోన్ ఇచ్చాడు. అందులో మా క్లబ్బువాళ్ల ప్రాక్టీసు వీడియో ఉంది. ఆ రోజు సెమీఫైనల్. గాయం మానిన మా స్ట్రైకర్ నెల తర్వాత మళ్లీ దిగుతున్నాడని మేం పండగ చేసుకుంటున్నాం.

ఆమె ఎండ పడకుండా ఫోన్ మీద కొంగు కప్పి చూసింది. మళ్లీ పెట్టమంది. మూడోసారి కూడా చూసి ఫోన్ తిరిగిచ్చింది.

"గా పోరడు ఎడమ కాలు దాస్తుండు. మర్లేటప్పుడు సూడు, బరువంత కుడిదాని మీదనె."

మేం నవ్వాం. ఆ రాత్రి ఇరవై నిమిషాలు తిరక్కముందే అతను ఎడమ కాలు పట్టుకుని కూలబడ్డాడు. మేం ఓడిపోయాం.

నా బుద్ధి ఊరుకుంటుందా. ఆమెకు ఎవరో ముందే చెప్పి ఉంటారనిపించింది. పరీక్ష పెట్టాను. పాత వీడియోలు రెండు తీసి, ఒకటి గాయం ఉన్నవాడిది, ఒకటి లేనివాడిది, ఏమీ చెప్పకుండా చూపించాను. రెండూ సరిగ్గా చెప్పింది. అప్పటి నుంచి మ్యాచు సాయంత్రాల్లో ఆమె తీర్పు లేకుండా మా ముచ్చట పూర్తయ్యేది కాదు. తప్పులూ చెప్పింది. ఒకసారి ఒక డిఫెండర్ పనికిరాడంది, వాడు పూర్తి మ్యాచు ఆడి గోలు కూడా కొట్టాడు. మరుసటి పొద్దున ఆ మాట చెబితే, నా ఫోన్ మీదే నెపం పెట్టింది. ఆమె ఒక్క మ్యాచు కూడా చూడలేదు. తొమ్మిదింటికే పడుకునేది. పొద్దున్నే నేను డ్యూటీకి దిగుతూ ఎవరు గెలిచారో చెప్పాలి, అది నా బాధ్యత.

ఆ కన్ను మా ఇంటికీ మేలు చేసింది. మా పాప మెట్లు దిగుతుంటే చూసి, మడమ నొప్పి ఉంది, అడగండి అని చెప్పింది. అడిగితే పిల్ల ఏడ్చేసింది. బూట్లు బిగుతై నెల రోజులుగా పుండు పడి ఉంది. స్కూళ్లు తెరిచేదాకా కొత్త బూట్లు అడగొద్దని నేనే గదిమాను కాబట్టి చెప్పలేదట. రోజూ స్ట్రిప్పుల్లో లోపాలు పట్టే నాకు నా బిడ్డ నడక కనబడలేదు. ఆ రోజు ఓనరమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. పసుపూ నూనే ఇచ్చి పంపింది.

ఈ ఏడాది మొదట్లో ఆమె మెట్లెక్కి రావడం మానేసింది. మీరే దిగిరండి అంది. సరే అని మా ముచ్చట మెట్ల కిందికి మారింది. తర్వాత వాళ్ల అల్లుడు వారానికోసారి రావడం మొదలైంది. వచ్చినప్పుడల్లా చంకలో ఇంత పెద్ద కవరు. నేను దిగుతుంటే దాన్ని అటు తిప్పి పట్టుకునేవాడు. ఒకరోజు టేపు పట్టుకుని ఎవరో మనిషి వచ్చాడు. ఓనరమ్మ వాటాలో గోడలు కొలిచి, కాగితం మీద రాసుకుని పోయాడు. ఎవరని అడిగితే, ఏదో పనికి అని ఆమె మాట తప్పించింది.

మా గల్లీలో అప్పటికే రెండు పాత ఇళ్లు కూల్చి అపార్టుమెంట్లు లేపారు. నాకు లెక్క తేలిపోయింది. కవర్లో ఉన్నవి ప్లాన్లు. టేపు మనిషి బిల్డరు తాలూకు. ఇల్లు అమ్మేస్తున్నారు, మాకు చెప్పకుండా. మా బామ్మర్ది, అడిగితే పోదా బావా అన్నాడు. అడిగితే నిజం చెబుతుందన్న నమ్మకం ఉంటే కదా. ఎనిమిదేళ్లు తల్లిలాగా ఉన్న మనిషి ఇంత మాట దాచిందని నాకు కడుపు మండింది. సెలవు రోజుల్లో రామంతాపూర్ వైపు ఇళ్లు చూడటం మొదలుపెట్టాను. రోజూ దిగేటప్పుడు పలకరించే మాట కూడా తగ్గించాను.

ఫైనల్ రోజు వచ్చింది. మా క్లబ్బు ఫైనల్‌కు రావడం మా జీవితంలో మొదటిసారి. సాయంత్రం ముగ్గురం ఎర్ర చొక్కాలతో దిగేసరికి ఆమె అప్పటికే మెట్ల కింద కుర్చీలో కూర్చుని ఉంది. వీడియో చూసింది. స్ట్రైకర్ బాగున్నాడు, ఏమీ దాచడం లేదు అని చెప్పింది. మావాళ్లిద్దరూ సంబరపడ్డారు. నేనే ఉండబట్టలేకపోయాను.

"వాడు దాస్తలేడు సరే. నువ్వేం దాస్తున్నవమ్మా?"

ఆమె నా వైపు చూసింది. ఇల్లు అమ్ముతున్నారా అని అడిగాను. ఇల్లు ఎక్కడికీ పోదంది. అయితే ఆ కవర్లేమిటి, ఆ కొలతలేమిటి, మేమేమన్నా పరాయివాళ్లమా అని గట్టిగానే అన్నాను. నా దోస్తు నా భుజం పట్టుకున్నాడు.

"నిజం జెప్తె నువ్వు ఇయ్యాల ఆట సూడగల్గుతవా, బిడ్డా?" అంది.

ఇంకేం కావాలి, ఒప్పుకున్నట్టే అనుకున్నాను. ఆమెను అక్కడే వదిలి పైకి వచ్చేశాను. ఆ రాత్రి మా క్లబ్బు కప్పు గెలిచింది. స్ట్రైకరే రెండు గోల్స్ కొట్టాడు. పొద్దున డ్యూటీకి దిగుతూ ఆమె తలుపు వైపు చూడకుండా పోయాను. ఎవరు గెలిచారో చెప్పలేదు. మరుసటి రోజు నుంచి ఆ తలుపుకు తాళం. కూతురి దగ్గరికి మౌలాలి పోయిందన్నారు. మొహం చెల్లక పోయిందిలే అని నా భార్యతో అన్నాను. ఆ మాట అన్నది నేనే, దాన్ని వెనక్కి తీసుకునే దారి లేదు.

ఫైనల్ అయిన పన్నెండో రోజు పొద్దునే ఆ మెసేజ్ వచ్చింది.

ఆమెను సాగనంపి వచ్చాక, చెంబుడు నీళ్ల కోసం మొదటిసారి ఆమె వాటాలో లోపలికి వెళ్లాను. మంచం నుంచి బాత్రూం దాకా గోడ పొడవునా స్టీలు పైపు బిగించి ఉంది, పట్టుకుని నడవడానికి. టేపు మనిషి కొలిచింది దానికోసం. బీరువా మీద పెద్ద కవర్లు ఉన్నాయి, దవాఖానావి, స్కానింగ్‌లు. క్యాన్సర్ ఎడమ తుంటి ఎముకలోకి దిగిందట. నాలుగు నెలలుగా అడుగు వేస్తే ప్రాణం పోయినంత నొప్పి ఉండేదట. పైవాళ్లకు చెబుదామని కూతురు ఎన్నోసార్లు అందట. వద్దని ఒట్టు వేయించుకుందట.

"చెప్తె వాళ్లు మొకాలు మార్సుకుంటరే. నా కాడ కూసొని ఆట ముచ్చట వెట్టరు." ఇదీ ఆమె చెప్పిన కారణం.

ఆ అమ్మాయి ఇది చెబుతుంటే నేను గోడ మీది పైపును పట్టుకుని నిలబడ్డాను. నాలుగు నెలలు ఆమె ఇంటి ముందు నుంచే దిగాను, ఎక్కాను. ఆ నాలుగు నెలల్లో ఆమె లేచి నడవడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. మేం రాకముందే వచ్చి కూర్చునేది, మేం పోయేదాకా కదిలేది కాదు. అంగడిలో అందరి మోసాలూ పట్టిన మనిషి, అవన్నీ మా మీదే వాడింది. నేను పట్టలేకపోయాను. కవర్లను అనుమానించాను, టేపును అనుమానించాను, మనిషి కాలు వైపు చూడలేదు.

నిన్న ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. గేటు మీద వాకిలి కనబడేటట్టు వాళ్లాయన పెట్టించిన కెమెరా ఉంది, అందులో పదిహేను రోజుల బొమ్మే నిలుస్తుంది, ఆ తర్వాత దానంతటదే చెరిగిపోతుంది. చివరి రోజుల్లో అమ్మ ఎక్కడైనా కనబడితే తీసి ఇవ్వమని అడిగింది. కంప్యూటరు ముందు కూర్చుని వెనక్కి వెనక్కి తిప్పాను. ఫైనల్ సాయంత్రం దొరికింది.

మేం దిగడానికి అరగంట ముందు ఆమె తలుపు తెరుచుకుంది. ప్లాస్టిక్ కుర్చీని ముందుకు జరిపి, దాని వీపు పట్టుకుని ఒక అడుగు వేసింది. ఆగింది. మళ్లీ కుర్చీ జరిపింది. తలుపు నుంచి మెట్ల దాకా పది అడుగులు ఉండవు. మధ్యలో నా బండి సీటు మీద రెండు చేతులూ ఆనించి, తల వంచుకుని ఎంతసేపు నిలబడిందో. వాకిట్లో ఎవరూ లేరు. చివరికి మెట్ల కింద కుర్చీ వేసుకుని కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుంది, వెంట్రుకలు సవరించుకుంది. రెండు చేతులతో ఎడమ కాలు ఎత్తి కుర్చీ కిందికి పెట్టుకుని, పైన చీర కుచ్చిళ్లు సర్దింది.

ఆ తర్వాత మేం ముగ్గురం ఎర్ర చొక్కాలతో మెట్లమీద కనబడ్డాం. ముందు నేనున్నాను, ఫోన్ చూసుకుంటూ దిగుతున్నాను. ఆమె మా మొహాల వైపు చూడలేదు. కొంచెం ముందుకు వంగి, చివరి మెట్టు దిగేదాకా, ఒకరి తర్వాత ఒకరివి, మా కాళ్లనే చూస్తూ కూర్చుంది.