రెండో వైపు చివరి పాట

ఆ రికార్డు రెండో వైపు చివరి పాటలో ఒకచోట ముల్లు చిక్కుకుంటుంది. గాయకుడు గొంతు పైకెత్తి ఒకే స్వరాన్ని పట్టుకుని, ఇంత ఊపిరి ఎక్కడిదా అని మనం కంగారుపడేంతసేపు నిలబెట్టే చోటు అది. అక్కడ గీత పడింది మా బాబాయి చేతిమీదుగానే. ఎన్ని వందలసార్లు ముల్లు ఎత్తి వెనక్కి పెట్టాడో ఆ దేవుడికే తెలియాలి.

బాబాయి నాటకాల మనిషి. మా వైపు పద్యనాటకంలో పద్యం బాగుంటే జనం "వన్స్ మోర్" అని అరుస్తారు. నటుడు అప్పటికే చచ్చి పడి ఉన్నా సరే, లేచి, పంచె సర్దుకుని, ఆ పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చస్తాడు. అందులో నవ్వడానికేమీ లేదు, అది మర్యాద. ఆ మర్యాద రికార్డుకి కూడా దక్కాలని బాబాయి పట్టుదల.

"అంత దమ్ముపట్టి పాడినవాణ్ణి ఒక్కసారి విని వదిలేస్తే పాపం తగులుద్దే," అనేవాడు.

ఆ రికార్డు ఇంగ్లీషుది. అలాంటి సంగీతాన్ని గ్లామ్ రాక్ అంటారని నాకు ఈమధ్యే తెలిసింది. మెరుపుబట్టలు తొడుక్కుని, ఎత్తుమడమల బూట్లు వేసుకుని, మొహాన రంగు పూసుకుని మగవాళ్ళు పాడిన పాటలు. బాబాయికి ఇంగ్లీషు రాదు. ఆ బృందం పేరు ఆయన ఒక్కసారి కూడా సరిగ్గా పలకలేదు కాబట్టి నేనూ ఇక్కడ రాయను.

మాది పెనుగొండలో బట్టల కొట్టు. కింద కొట్టు, మేడ మీద ఇల్లు. నాన్న గల్లాపెట్టె దగ్గర, బాబాయి చీరల బీరువాల దగ్గర. పగలంతా ఆడవాళ్ళకి చీరలు విప్పి చూపించే ఆ మనిషి, ఉత్సవాల రోజుల్లో తానే చీర కట్టుకుని స్టేజీ ఎక్కేవాడు. ఆడవేషాలకు బాబాయిని మించినవాడు చుట్టుపక్కల లేడని ఆ రోజుల్లో చెప్పుకునేవారు. నేను చూసింది ఒక్క నాటకమే. నాకు అయిదేళ్ళుంటాయి. స్టేజీ మీదున్న రాణిగారు తెర పడ్డాక సరాసరి మా దగ్గరికి నడిచొచ్చింది. వడ్డాణం, నాగరం, చెంపల మీద ఏదో తళతళ. వంగి నన్ను ఎత్తుకుని, "నిద్రొస్తోందా అమ్మలూ?" అని బాబాయి గొంతుతో అడిగింది. నేను ఏడవడం కూడా మర్చిపోయి ఆ చెంపనే చూస్తూ ఉండిపోయాను. ఇప్పుడు నాకు అరవై దాటాయి. అంత అందమైన మొహాన్ని అంత దగ్గరగా నేను మళ్ళీ చూడలేదు.

తర్వాత రెండు మూడేళ్ళకే బాబాయి నాటక బృందంలో హార్మోనియం వాయించే ఆయన పోయాడు. ఆ బృందం చెదిరిపోయింది. బాబాయికి మిగిలింది హాల్లో గోడమీద ఒక్క ఫొటో. రాణి వేషంలో, కళ్ళు కాస్త దించుకుని, చేతిలో తామరపువ్వుతో.

రికార్డు ప్లేయరు ఆ తర్వాత వచ్చింది. కాకినాడలో ఓడల్లో పనిచేసి వచ్చిన ఒకాయన సామాను అమ్మేస్తున్నాడని తెలిసి, బాబాయి పెట్టెతో సహా రికార్డులన్నీ తెచ్చాడు. అన్నీ నాటక పద్యాలు, భక్తి పాటలు, మధ్యలో ఈ ఒక్కటి. దాని అట్ట మీద ఒక బక్క తెల్లవాడు. కనురెప్పలకు నీలం రంగు, పెదాలకు ఎరుపు, మెడచుట్టూ ఈకల దండ. నాన్న చూసి, "ఇదేం అవతారంరా," అన్నాడు. బాబాయి మాత్రం అట్టని కిటికీ వెలుతుర్లోకి తీసుకెళ్ళి, కొత్త చీర అంచు పరీక్షించినట్టు చాలాసేపు చూశాడు.

"కాటుక బాగా తీర్చాడు," అన్నాడు చివరికి. "పెదవి రంగు పక్కకి జారింది. హడావిడిలో వేసుకునుంటాడు. ఇదిగో, ఇది చూడవే. చెంపకి అభ్రకం పొడే అద్దాడు. మేం కూడా అదే వాడేవాళ్ళం. లైటు పడితే జనానికి ఇంకేం కనపడదు."

నాకు తెలిసి ఆ అట్ట చూసి నవ్వనివాడు మా ఇంట్లో బాబాయి ఒక్కడే.

ఇక నా ఘనకార్యం చెప్పాలి. ఎనిమిదో తరగతిలో ఉండగా స్నేహితురాలు ఒకమ్మాయి లెక్కలు చేసుకుందామని ఇంటికొచ్చింది. నేను గొప్పగా ఆ రికార్డు తీసి చూపించాను. "మగాడేనే! లిప్‌స్టిక్ చూడు. ఇంగ్లండులో ఇదే ఫ్యాషన్," అని కోతలు కోశాను. ఆ పిల్ల నోరు తెరిచి చూసింది. తర్వాత తలెత్తి గోడమీది ఫొటో చూసింది.

"ఈవిడెవరే? ఎంత బాగుందో!"

మా బాబాయి అని చెప్తే మర్నాడు బడంతా నవ్వుతుంది. అదొక్కటే తట్టింది నాకు.

"మా అత్తయ్య. చిన్న వయసులోనే పోయింది," అన్నాను.

వెనక పడకకుర్చీలో కాఫీ తాగుతూ బాబాయి ఉన్నాడు. గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. నేను వెనక్కి తిరగలేదు. కాసేపటికి ఆయన లోపలికి వెళ్ళి, ఆత్రేయపురం నుంచి వచ్చిన పూతరేకులు రెండు ప్లేటులో పెట్టి తెచ్చాడు. "తినండమ్మా, లెక్కలు తర్వాత చేసుకోవచ్చు," అన్నాడు మామూలుగానే. మర్నాడు లేచేసరికి గోడమీద మేకు మాత్రమే ఉంది. ఫొటో ఏదని ఇంట్లో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. అడగడానికి నాకు మొహం ఉంటేగా.

ఇంగ్లండువాడు పూసుకుంటే ఫ్యాషన్, మా ఇంటివాడు పూసుకుంటే సిగ్గు. ఒకే సాయంత్రం, ఒకే నోటితో రెండూ అన్నాను. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఈ లెక్క మాత్రం ఎన్నిసార్లు వేసినా నా తప్పు దగ్గరే తేలుతుంది.

రాజమండ్రిలో ఉంటున్నా, నెలకోసారి పెనుగొండ వెళ్ళి బాబాయిని చూసొస్తాను. ఎనభై నాలుగేళ్ళాయనకి. చెవులు మందగించాయి. చెవి మిషన్ కొనిపెడితే, అది పెట్టుకుంటే తన గొంతు తనకే రేడియోలో వార్తల్లా ఉందని తీసి డ్రాయర్లో పడేశాడు. పోయిన నెల ఉన్నట్టుండి, "ఆ తెల్లోడి పాట మళ్ళీ వినాలనుందే," అన్నాడు. ప్లేయరు బీరువా మీద దుప్పటి కప్పుకుని ఎన్నేళ్ళయిందో. రాజమండ్రిలో పాత రేడియోలు బాగుచేసే ఒకాయనని బతిమాలాను. ఆయన ఆదివారం పొద్దున చర్చిలో కీబోర్డు వాయించి, అక్కణ్ణుంచి బస్సెక్కి మధ్యాహ్నానికి వచ్చారు. కొత్త బెల్టు వేసి, కొత్త ముల్లు బిగించి, రికార్డుని తడిగుడ్డతో సుతారంగా తుడిచి, "కానీయమంటారా అండీ?" అని అడిగారు.

రెండో వైపు చివరి పాట పెట్టమన్నాను.

మొదట్లో గరగర. తర్వాత ఒక్క గిటారు. వీధి చివర ఎవరో తమకోసం తాము వాయించుకుంటున్నంత నెమ్మదిగా. దానిమీదకి ఆ గొంతు వచ్చింది, సన్నగా, ఆడో మగో తేల్చుకోనివ్వకుండా. చిన్నప్పుడు నాకది అల్లరిగా వినిపించేది. ఇప్పుడు అలా లేదు. అందులో భయం ఉంది. నన్ను చూసి మీరు నవ్వుతారని నాకు తెలుసు, అయినా రంగు పూసుకునే వచ్చాను, అన్నట్టుంది. డ్రమ్ములు అందుకున్నాయి. వెనక వయొలిన్లు లేచాయి. గొంతు మెట్టుమెట్టుగా ఎక్కుతోంది. ఎక్కే కొద్దీ భయం రాలిపోతోంది. మెకానిక్ గారు స్క్రూడ్రైవరు పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఉంచేశారు.

"ఇలా మలుపు తిప్పడం మా చర్చిలో ఎవరివల్లా కాదండీ," అన్నారు మెల్లగా.

బాబాయి వినలేదు ఆ మాట. పాట కూడా సగమే వినిపిస్తోందేమో, లేచొచ్చి ప్లేయరు చెక్కమీద అరచెయ్యి ఆన్చి నిలబడ్డాడు. కళ్ళు మూసుకున్నాడు. స్వరం ఎక్కడికి చేరుతోందో ఆ చేతికే తెలుస్తోంది. సరిగ్గా పైకెక్కి నిలబడ్డ చోట ముల్లు చిక్కుకుంది. అదే స్వరం, మళ్ళీ అదే, మళ్ళీ అదే.

"అయ్యో, గీత పడిందండి," అని మెకానిక్ గారు చెయ్యి చాపబోతే నేను ఆపాను.

ఆ మాటకొస్తే నేను అప్పుడు రికార్డు వినడం లేదు. అక్కడెక్కడో ఇంగ్లండులో ఆ బక్కవాడు అద్దం ముందు కూర్చుని చెంపకు మెరుపు అద్దుకుంటున్న రోజుల్లోనే, కాస్త అటూఇటూగా, ఇక్కడ మా బాబాయి కొట్టు కట్టేసి, బీరువా అద్దం ముందు కూర్చుని అభ్రకం పొడి అద్దుకున్నాడు. ఆయనకి ఈయన తెలియదు. ఈయనకి ఆయన భాష తెలియదు. ఒకరిని ప్రపంచమంతా చూసింది. ఇంకొకరిని మూడు తాలూకాలు చూశాయి. అద్దం ముందు ధైర్యం మాత్రం ఇద్దరికీ ఒకటే కావాలి. ఇంత పెద్ద విషయం మా హాల్లో మేకుకి వేలాడి ఉందని నాకు పదమూడేళ్ళప్పుడు ఎవరు చెప్తారు!

బాబాయి చిటికెన వేలితో ముల్లుని కాస్త ముందుకి తోశాడు. పాట దిగింది, అయిపోయింది.

మెకానిక్ గారు రికార్డుని జాగ్రత్తగా కాగితం సంచిలో దూర్చి, అట్టలో పెట్టబోయారు. ఏదో అడ్డం పడింది. అట్ట తిరగేసి దులిపారు. ఫ్రేము లేని ఫొటో ఒకటి జారి గచ్చుమీద పడింది. రాణి వేషం. దించుకున్న కళ్ళు. తామరపువ్వు. ఇన్నేళ్ళూ ఆ తెల్లవాడి బొమ్మ వెనకే ఉంది, వేషం కట్టినవాళ్ళు ఇద్దరూ ఒకే గదిలో ఉన్నట్టు.

ఆయన తీసి చూసి, "ఎవరండీ ఈవిడ? ఎంత కళగా ఉన్నారో! మీ అమ్మగారా?" అని నన్నడిగారు.

ఆ ప్రశ్న బాబాయికి వినిపించి ఉండదు. కానీ ఆ ఫొటో చూసినవాళ్ళు ఎవరైనా అడిగేది ఒకటే. నేను నోరు తెరిచేలోగా బాబాయే అందుకున్నాడు.

"మా చెల్లెలండి. చిన్న వయసులోనే పోయింది."

అని నా వైపు చూశాడు. మాట మర్చిపోయిన తోటి నటికి తెర పక్కనుంచి అందించినట్టు చూశాడు. అందులో కోపం లేదు. నేను ఆడిన అబద్ధాన్ని నలభై ఏళ్ళకు పైగా నాకోసం కాపాడుతున్నాడు. నా పరువు పోకూడదని ఇవాళ కూడా తానే చచ్చిపోయాడు.

"కాదండీ," అన్నాను. "ఆయనే. మా బాబాయే."

"ఏంటే?" అని చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు బాబాయి.

నలభై మంది పిల్లలున్న క్లాసుని ఒక్క కేకతో కూర్చోబెట్టిన గొంతు నాది. దాన్ని పూర్తిగా వదిలాను.

"ఈ ఫొటోలో ఉన్నది మా బాబాయండీ! ఆడవేషం కడితే ఇంత అందంగా ఉండేవాడు జిల్లాలోనే లేడు! నేనే సిగ్గుపడి అబద్ధం చెప్పాను!"

కిందనించి కొట్టులో వాళ్ళు మెట్లదాకా వచ్చి పైకి చూశారు. ఎదురుగా మందుల షాపు ముందు నిలబడ్డవాళ్ళు తలెత్తారు. మెకానిక్ గారు ఫొటోనీ, బాబాయినీ మార్చి మార్చి చూసి, రెండు చేతులూ జోడించారు.

బాబాయి ఫొటో చేతిలోకి తీసుకుని, పంచె అంచుతో దుమ్ము తుడిచాడు. కళ్ళు మాత్రం నా మీద నుంచి తియ్యలేదు. ఆయనకి మొదటిసారే మొత్తం వినిపించిందని ఆ కళ్ళు చూస్తేనే తెలుస్తోంది. మెల్లగా ఒక వేలు పైకెత్తాడు.

"వన్స్ మోర్," అన్నాడు.

ఇంకా గట్టిగా చెప్పాను.