బట్టతల బాబాయి ఆవిరి వైద్యం

మా బాబాయికి మనుషుల మొహాలు గుర్తుండవు, జుట్టు గుర్తుంటుంది. ఎవరి జుట్టయినా ఎండిపోయి కనబడిందంటే, దానికి ఆవిరి పట్టేదాకా ఆయనకి నిద్ర పట్టదు. మనుషుల కష్టాలన్నిటికీ మూలం తలలో తేమ లేకపోవడమేనని ఆయన సిద్ధాంతం. ఇంత చెప్పే బాబాయి నెత్తి మీద మాత్రం ఒక్క వెంట్రుక లేదు. చెవుల పక్కన నాలుగు పోచలున్నాయి గానీ, వాటిని జుట్టు అనడం మర్యాద కోసమే.

"మరి నీ జుట్టేమైంది బాబాయ్?" అని చిన్నప్పుడు అక్క అడిగేది.

"ఆవిరి సంగతి నాకు తెలిసేలోపే అది వెళ్లిపోయిందమ్మా. ఇంకొక్క ఏడాది ఓపిక పట్టుంటే నిలబడేది," అనేవాడు, తొందరపడి ఇల్లొదిలి పోయిన బంధువు గురించి చెప్పినట్టు.

బాబాయి ఒక పెద్ద లాండ్రీలో ఆవిరి ఇస్త్రీ యంత్రం మీద పనిచేసేవాడు. హోటళ్ల దుప్పట్లు, ఆసుపత్రుల పక్కబట్టలు దాని లోపలికి ముద్దల్లా వెళ్లి, బయటికి కొత్త కాగితాల్లా వచ్చేవి. పొద్దస్తమానం అది చూసి చూసి ఆయనకొక నమ్మకం కుదిరింది. దుప్పటే లొంగినప్పుడు జుట్టెంత?

పిన్ని వంటింట్లోని ప్రెషర్ కుక్కరుకి విజిల్ పీకేసి, అక్కడ ఒక రబ్బరు గొట్టం తగిలించాడు. గొట్టం రెండో కొసని ఒక ప్లాస్టిక్ టబ్బుకి చిల్లి పెట్టి దూర్చాడు. టబ్బు లోపల తువ్వాలు కుట్టాడు. తలకి కండిషనర్ రాసి, ఆ టబ్బు బోర్లించి, ఓ పావుగంట సన్నగా ఆవిరి వదిలితే, జుట్టు ఆ తేమంతా తాగి పట్టుకుచ్చులా అవుతుందని ఆయన మాట. పిన్ని మాట వేరు.

"బంగాళాదుంపలు ఉడకేద్దామంటే కుక్కరు ఎవరో ఒకళ్ల నెత్తికి తగిలించి ఉంటుంది. ఈ ఇంట్లో ఉడికేవి తలకాయలే."

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఎవరికి పెట్టినా ముందు ఆ టబ్బు తన నెత్తిన పెట్టుకుని వేడి చూసుకునేవాడు. "నాకు కాలకపోతే ఎవరికీ కాలదు. మధ్యలో అడ్డమేమీ లేదుగా," అనేవాడు. దాంతో సెలవు రోజుల్లో ఆయన నెత్తి దూరం నుంచే ఎర్రగా కనబడేది.

ఒకసారి పార్సిల్ పంపడానికి పోస్టాఫీసుకి వెళ్లాడు.

"ఎక్కడికండీ?" అని కిటికీ అవతలి ఆవిడ అడిగింది.

"మీ జుట్టుకి దాహమేస్తోంది మేడమ్."

"పార్సిల్ ఎక్కడికి అని అడిగానండీ."

"పార్సిల్ ఎక్కడికీ పారిపోదు. కొసలు చూసుకున్నారా? చీలిపోతున్నాయి."

ఆ తర్వాత బాబాయి గుమ్మంలో కనబడితే చాలు, ఆవిడ కిటికీ మూసేసి భోజన విరామం అని బోర్డు పెట్టేది. మా వీధి ఆడవాళ్లు ఆయన్ని చూడగానే చేతిలో సంచి ఉంటే సంచి, గొడుగుంటే గొడుగు తలకి అడ్డం పెట్టుకునేవాళ్లు. కొత్తగా వచ్చినవాళ్లు అది చూసి ఆయనెవరో చాలా పెద్దమనిషి అనుకునేవాళ్లు.

ఇలా నవ్వుకుంటూ ఉండగానే అక్కకి కష్టం వచ్చింది.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు అక్క బుల్లి బుల్లి చొక్కాలు మడతపెట్టుకున్న సంచి ఒకటి తీసుకెళ్లింది. వచ్చేటప్పుడు ఆ సంచిని అలాగే తెచ్చుకుంది. బాబు ఊపిరి లేకుండానే పుట్టాడు. బావ సెలవున్నన్నాళ్లూ పక్కనే కూర్చుని, అది అయిపోయాక కాళ్లు రాకపోయినా ఉద్యోగానికి వెళ్లాడు. అక్క మా ఇంటికొచ్చి, మా ఇద్దరి పాత గదిలో, గోడవైపు తిరిగి పడుకుంది. అంతే, ఇక లేవలేదు.

ఇంట్లో అందరం గొంతు తగ్గించేశాం. రేడియో ఆపేశాం. నాన్న పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు, పేజీ మాత్రం తిప్పేవాడు కాదు. పిల్లలన్న మాట, ఉయ్యాలన్న మాట నోట్లోకి వచ్చినా మింగేసేవాళ్లం. పొయ్యి మీద పాలు పొంగినా ఎవరూ కేక వేయని ఇల్లయిపోయింది మాది. అమ్మ కంచంతో లోపలికి వెళ్లేది, అదే కంచంతో బయటికి వచ్చేది. ఇది ఎప్పటికీ ఇంతేనేమో అనిపించేది నాకు. అనిపించడమేమిటి, ఇంతేనని నిశ్చయించుకున్నాను.

అక్కది నడుము దాటిన రింగుల జుట్టు. దువ్వక, కడగక, దిండుకి రాసుకుని రాసుకుని, మెడ వెనక ఉండకట్టింది. ఆ ఉండ పెరిగి పెరిగి మొత్తం ఒకే ముద్దయింది. దువ్వెన కాదు కదా, వేలు కూడా దిగేది కాదు. అమ్మ ఓ రోజు కూర్చోబెట్టి చిక్కు తీయబోయింది.

"తీసెయ్యమ్మా," అంది అక్క.

"అదే కదే తీస్తున్నా."

"చిక్కు కాదు, జుట్టు. మొత్తం తీసెయ్. ఒక గొడవ వదిలిపోతుంది."

అమ్మ కత్తెర తెచ్చుకుంది గానీ చెయ్యి ఆడక, గుమ్మంలో చతికిలబడింది. సరిగ్గా అప్పుడే బాబాయి కుక్కరు చంకలో పెట్టుకుని, గొట్టం మెడకి చుట్టుకుని వీధి తలుపు తోసుకుని వచ్చాడు. దాన్ని లాక్కుని వీధిలోకి విసిరేద్దామన్నంత కోపం వచ్చింది నాకు.

"ఇప్పుడు కూడానా?" అంది అమ్మ. "నీకు సమయం సందర్భం ఉండదా?"

"కత్తెర లోపల పెట్టేయండి వదినా. జుట్టు చావలేదు. దాహంతో ఉంది, అంతే."

లోపలికి వెళ్లి అక్క తలవైపు ఒక స్టూలు వేసుకున్నాడు. ఎలా ఉన్నావని అడగలేదు.

"నువ్వు లేవక్కర్లేదమ్మా. తల ఇటు పెట్టు చాలు. మిగతా మనిషితో నాకు పని లేదు."

వాదించే ఓపిక లేకనో ఏమో, అక్క తల ఇటు పెట్టింది.

ఆ రోజు నుంచి కుక్కరు కూడా లాండ్రీకి పట్టుకెళ్లి, పని అవగానే ఇంటికి పోకుండా నేరుగా మా ఇంటికి వచ్చేవాడు. పొయ్యి మీద కుక్కరు పెట్టి, గొట్టం గదిలోకి లాగి, టబ్బు ముందు తన నెత్తిన పెట్టుకుని, తర్వాత అక్కకి పెట్టేవాడు. ఆవిరి పట్టాక కొసల దగ్గర చిటికెడు జుట్టు తీసుకుని, కండిషనర్ రాసి, వేళ్లతో విడదీసేవాడు. ఆ చిటికెడూ విడగానే తువ్వాలు చుట్టేసేవాడు.

"ఇవాళ్టికి చాలు. జుట్టు అలిసిపోయింది."

"ఇంతేనా?" అనేది అమ్మ. "ఈ లెక్కన దాని జుట్టు నెరిశాక అవుతుంది."

"తొందరపెడితే తెగుతుంది వదినా. ఇది దుప్పటి కాదు."

వేళ్లు మెల్లగా ఆడేవి గానీ నోటికి మాత్రం ఆపు లేదు. లాండ్రీ కబుర్లన్నీ ఆ గదిలో కుమ్మరించేవాడు. "ఓ హోటలు దుప్పటిలో ఎవరివో కట్టుడు పళ్లు ఉండిపోయాయమ్మా. మేం చూసుకోలేదు. ఇస్త్రీ అయ్యాక ఆ దుప్పటి పళ్లికిలిస్తూ బయటికొచ్చింది." అక్క వింటున్నట్టే చెప్పేవాడు, గోడకి చెప్పినట్టు ఉండేది. అక్క ఉలకదు, పలకదు. తలుపు సందులోంచి చూసి నేను వచ్చేసేదాన్ని. పోయినవాడు తిరిగి రాడు, ఉన్నది లేవదు, మధ్యలో ఈ కుక్కరొకటి అనుకునేదాన్ని.

ఒకరోజు బాబాయి గదిలోంచి పరుగున వచ్చి వంటింటి గడప తన్నుకున్నాడు.

"వదినా, వేడిగా ఉందంది."

"ఎవరు?"

"ఎవరేమిటి, పిల్ల. 'వేడిగా ఉంది బాబాయ్' అంది. నాలుగు ముక్కలు కాకపోయినా మూడు ముక్కలు మాట్లాడింది."

అమ్మ పైటతో మొహం కప్పుకుంది. బాబాయి మంట తగ్గించడం మర్చిపోయి వెళ్లి, మళ్లీ వచ్చి తగ్గించాడు.

దాంతో అంతా చక్కబడుతుందని ఆశపడ్డాం. చక్కబడలేదు. మర్నాడు అక్క టబ్బు తోసేసింది. నేను దువ్వెన ఇవ్వడానికి వెళ్లి తలుపు దగ్గరే ఆగిపోయాను.

"ఎందుకు బాబాయ్ ఇదంతా? ఎవరికి చూపించాలి ఈ జుట్టు?"

బాబాయి టబ్బు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చాలాసేపు ఆవిరి ఊరికే గాల్లోకి పోయింది.

"వాడికి తలనిండా జుట్టుందట," అంది అక్క గోడతో. "నర్సు చెప్పింది. నేను చూడలేకపోయాను. కళ్లు మూసుకున్నాను."

అన్నాళ్లుగా బయటికి రాకుండా మేమందరం కాపలా కాసిన మాట అది. బాబాయి దాన్ని ఎలా దాటేస్తాడో చూద్దామనుకున్నాను. ఆయన దాటెయ్యలేదు. స్టూలు ముందుకి జరుపుకున్నాడు.

"సాపు జుట్టా, రింగులా?"

అక్క తల తిప్పి ఆయన్ని చూసింది. వాడి గురించి ఎవరైనా ఏదైనా అడగడం అదే మొదలు.

"రింగులట. తడిగా ఉండి నుదుటికి అతుక్కుని ఉన్నాయట."

"నీ పోలికే అన్నమాట. రింగుల జుట్టుకి తేమ ఎక్కువ కావాలి. చాలా ఓపిగ్గా చూసుకోవాలి." తన నెత్తి తడుముకున్నాడు. "పోన్లే, నా పోలిక రాలేదు."

అక్క నవ్వబోయింది. ఆ నవ్వు సగంలో విరిగి పెద్ద ఏడుపయింది. ఇంటికొచ్చాక తను ఏడవడం అదే మొదటిసారి. బాబాయి ఏడవొద్దనలేదు, కళ్లు తుడవలేదు. టబ్బు మళ్లీ తన నెత్తిన పెట్టుకుని వేడి చూసుకుని, అక్క తలకి పెట్టి, పక్కన కూర్చున్నాడు. ఆ రోజు నోరు విప్పి ఒక్క కబురు చెప్పలేదు.

తర్వాత అక్క కంచంలో సగం తినడం మొదలుపెట్టింది. ఓ రోజు బావ ఫోనెత్తింది. మరో రోజు మళ్లీ గోడవైపు తిరిగింది. ఒక అడుగు ముందుకి, ఒకటి వెనక్కి. జుట్టు సంగతీ అంతే. చిక్కు సగానికి తగ్గింది గానీ పూర్తిగా పోవడం లేదు.

కండిషనర్ అయిపోతే మా వీధి బ్యూటీ పార్లర్‌కి వెళ్లాను. అది నడిపే ఆవిడే బాబాయికి పెద్ద పళ్ల దువ్వెన ఇచ్చి, చిక్కు తీయడం నేర్పించిందని తెలుసు.

"ఇంకా అవలేదా మీ అక్కది?" అంది ఆవిడ. "నేను ఇంటికొచ్చి రెండు పూటల్లో తీసేస్తానని మొదట్లోనే చెప్పాను. మీ బాబాయి వద్దన్నారు."

"వద్దన్నాడా?"

"నిదానంగా అయ్యే పద్ధతేదైనా ఉంటే చెప్పమన్నారు. ఇన్నేళ్లలో అందరూ తొందరగా అయ్యేది అడిగినవాళ్లే. ఆలస్యంగా అయ్యేది అడిగింది ఆయనొక్కరే."

ఇంటి మలుపులోనే బాబాయిని పట్టుకున్నాను. కుక్కరు చంకలో ఉంది.

"రెండు పూటల పనిని ఇన్నాళ్లు సాగదీశావా? అమ్మ రోజూ ఎంత కుమిలిపోతోందో తెలుసా నీకు?"

ఆయన దొరికిపోయిన దొంగలా అటూ ఇటూ చూశాడు.

"రెండు పూటల్లో అయిపోయాక, మూడో పూట ఏమని రానే? ఊరికే వచ్చి కూర్చుంటే ఎలా ఉన్నావని అడగాలి. అది అడిగితే పిల్ల గోడవైపు తిరుగుతుంది. జుట్టెలా ఉందని అడిగితే తల ఇటు పెడుతోంది." కాలితో నేల గీకాడు. "తలొచ్చాక మిగతా మనిషి మెల్లగా అదే వస్తుందనుకున్నాను."

అక్కడితో ఆగక, ఇంకేదో చెప్పలేక మింగలేక నిలబడ్డాడు.

"నన్నింకో దిగులు తినేస్తోందే. నేనెంత నిదానంగా తీసినా పోయిన వారానికి అయిపోవాలి. తీసినచోటే మళ్లీ పడుతోంది. చెవి వెనక నిన్న పట్టులా జారింది, ఇవాళ చూస్తే ముడి." కుక్కరు వంక చూశాడు. "ఈ ఆవిరిలో అసలు పసలేదేమో. ఇన్నేళ్లూ జనం తలలు ఊరికే ఉడకేశానేమో."

ఆయన్ని అంత నిరాశగా నేనెప్పుడూ చూడలేదు.

మరుసటి వారం ఓ మధ్యాహ్నం పని తొందరగా అయి ఇంటికి వచ్చేశాను. గదిలో అక్క పడుకుని లేదు. కిటికీ పక్కన, అద్దం ముందు కూర్చుని ఉంది. జుట్టంతా ముందుకి వేసుకుంది. రింగు రింగూ విడివిడిగా, నడుము దాటి, నల్లగా మెరుస్తోంది. ఎక్కడా చిక్కు లేదు. చూసి మురిసిపోబోయాను.

అక్క చెవి వెనక నుంచి ఒక పాయ తీసుకుంది. రెండు అరచేతుల మధ్యా పెట్టుకుని, నాలిక బయటపెట్టి, శ్రద్ధగా నలపడం మొదలుపెట్టింది. నలిపి, కాస్త కండిషనర్ తుడిచేసి, మళ్లీ నలిపింది. అద్దంలో నేను కనబడ్డాను.

"చెప్పకు," అంది.

"ఆయన తన ఆవిరి మీద నమ్మకమే పోగొట్టుకుంటున్నాడక్కా."

"మరి అయిపోతే మానేస్తాడు కదే."

వీధి తలుపు చప్పుడైంది. అక్క గబగబా మంచమెక్కి, మాకందరికీ అలవాటైన పోజులో గోడవైపు తిరిగి పడుకుంది. బాబాయి వచ్చాడు, కుక్కరు పెట్టాడు, టబ్బు తన నెత్తిన పెట్టుకుని చూసుకున్నాడు, అక్కకి పెట్టాడు. ఆవిరి పట్టాక వేళ్లతో తడుముతూ చెవి వెనక ఆగిపోయాడు. గుండెల్లోంచి పెద్ద నిట్టూర్పు విడిచాడు.

"మళ్లీ పడిందమ్మా."

"అవును బాబాయ్," అంది అక్క నన్ను చూడకుండా. "నిన్నటికంటే గట్టిగా పడినట్టుంది. ఇవాళ వచ్చేలా లేదు. రేపు కాస్త పెందరాళే రా."