రైటర్ ఐలయ్య ఇంట్లో రాసిన స్టేట్‌మెంట్

ఐలయ్య రైటర్. కథలూ నవలలూ రాసే రైటర్ అనుకునేరు, అదేం కాదు. పంజాగుట్ట వైపు ఒక పోలీస్ స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్, స్టేషన్ రైటర్. వచ్చినవాళ్లు ఏడుస్తూ, తిట్టుకుంటూ, మొదటిది చివర, చివరిది మొదట చెప్పేదంతా విని, దాన్ని ఒక్క కాగితంలోకి ఫిర్యాదుగా కుదించడం ఆయన పని. ఫోన్ పోయినవాడైనా, మొగుడు కొట్టిన మనిషైనా, ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో లాప్‌టాప్ పోగొట్టుకున్న కుర్రాడైనా ఆయన టేబుల్ ముందు కూర్చోవలసిందే. కంప్యూటర్లు వచ్చి ఏళ్లయినా, ముందు ఐలయ్య చేత్తో రాసిస్తే దాన్ని చూసి టైపు కొట్టడమే స్టేషన్‌లో అందరికీ సుఖం. ఇన్‌స్పెక్టర్లు వచ్చారు, పోయారు. ఆ టేబుల్ దగ్గర ఐలయ్య మాత్రం అలాగే ఉండిపోయాడు.

ముప్పై నాలుగేళ్ల సర్వీసు. ఇంకో పదకొండు నెలల్లో రిటైర్‌మెంట్. ఏఎస్సై ప్రమోషన్ లిస్టులో పేరుందన్న మాట మూడేళ్లు విన్నాడు, ఆ తర్వాత వినడం మానేశాడు. సిద్దిపేట దగ్గర ఒక పల్లెలో, కూలికి పోతే తప్ప పొయ్యి రాజని ఇంటి నుంచి ఒకడు ఖాకీ బట్టలు వేసుకున్నాడంటే అప్పట్లో ఊరంతా చెప్పుకున్నారు. తర్వాత సంగతి ఊరికి తెలియదు. నిమజ్జనం, బోనాలు, రంజాన్, ఎలక్షన్లు, ఎవరో పెద్దమనిషి రావడం, ఎవరో పెద్దమనిషి పోవడం, ఏదొచ్చినా ఐలయ్య బందోబస్తులోనే ఉన్నాడు. బతుకమ్మ ఆడుతున్న భార్యను కళ్లారా చూసింది రెండుసార్లో మూడుసార్లో. షుగరొచ్చింది. మోకాళ్లు అరిగాయి. పొద్దున్నే బూట్లకు వంగితే మళ్లీ లేవడానికి తలుపు పట్టుకోవాలి. వీటి గురించి ఆయన ఎవరినీ తిట్టడు. విసుక్కోవడానికి కూడా కొంత ఓపిక కావాలి, అది ఎప్పుడో అయిపోయింది.

ఇంత పడ్డా ఉద్యోగమంటే సర్కారు ఉద్యోగమే అన్నది ఆయన మాట. కూతురు నవీన డిగ్రీ అయిపోగానే కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడితే, అమీర్‌పేటలో నెట్ సెంటర్‌కు తనే పోయి అప్లికేషన్ నింపించాడు. పిల్ల అడ్డం చెప్పలేదు. స్కూల్లో ఉన్నప్పటి నుంచీ పరుగులో ముందుండే పిల్ల, పరుగెత్తమన్నప్పుడు పరుగెత్తింది, రాయమన్నప్పుడు రాసింది. ఫలితాలు తేలేలోపు ఊరికే కూర్చోవడమెందుకని సోమాజిగూడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, ఇన్సూరెన్స్ డెస్కులో చేరింది. ఆపరేషన్‌కు కంపెనీ ఒప్పుకుందా లేదా అని ఫోన్ల మీద కొట్లాడి, బయట కుర్చీల్లో బిక్కుబిక్కుమంటూ కూర్చున్నవాళ్లకు కబురు చెప్పే పని. మొన్న సెలక్షన్ లిస్టు వచ్చింది. నవీన పేరు ఉంది. సోమవారం పొద్దున ట్రైనింగ్‌కు రిపోర్టు చేయాలి.

ఈ కబురు విని అందరికన్నా ఎక్కువ సంబరపడింది కింది పోర్షన్‌లో ఉండే రఘురామ్ గారు. ఆయనది కోస్తా. ఇరవై రెండేళ్లు ఒక కంపెనీలో అకౌంట్స్ చూసి, యాభై ఒకటో ఏట ఇక రావద్దనిపించుకుని, ఇప్పుడు మెట్రో స్టేషన్ కింద ఒక కోచింగ్ సెంటర్ రిసెప్షన్‌లో కూర్చుంటున్నాడు.

“ఇంకా ఆలోచనేంటండీ ఐలయ్య గారూ? కళ్లు మూసుకుని చేర్పించండి. నాకైతే టేబుల్ సొరుగు సర్దుకోడానికి పావుగంట టైమిచ్చారండీ. ఆ కుర్రాడు, నేను పని నేర్పిన కుర్రాడే, లిఫ్ట్ దాకా పక్కనే నడిచొచ్చాడు. నేనేమైనా పట్టుకుపోతానేమోనని.”

ఐలయ్య తల ఊపాడు. కొత్తగా చేరేవాళ్లకు పాత పెన్షన్ లేదని, ఆడపిల్ల బందోబస్తుకు పోతే బాత్రూమ్ కోసం ఎన్ని ఇళ్ల తలుపులు తట్టాలో తాను చూశానని ఆయనకు చెప్పలేదు. దెబ్బతిన్న మనిషి దగ్గర మన దెబ్బలు ఎంచడం బాగుండదు.

అసలు చిక్కు ఏమిటంటే, చేరతానని నవీన అనలేదు. చేరనని కూడా అనలేదు. వారం నుంచి ఇంట్లో ముగ్గురూ ఆ మాట తప్ప అన్ని మాటలూ మాట్లాడుకుంటున్నారు. ఐలయ్యకు లోపల గుబులు. పిల్ల వద్దంటే అది ఒక్క ఉద్యోగాన్ని వద్దనడంతో పోదు. తన ముప్పై నాలుగేళ్లను దగ్గరుండి చూసి, అటూ ఇటూ తిప్పి చూసి, వద్దన్నట్టు. ఆ తీర్పు వినే ధైర్యం ఆయనకు లేదు.

“జర పిల్లను అడుగరాదయ్యా” అంది భార్య చంద్రమ్మ ఆదివారం పొద్దున, చిక్కుడుకాయలు తుంచుతూ.

“అడిగిన గదనే.”

“నువ్వు అడుగవు. చెప్తవు. చెప్పి, సరేనా అంటవు.”

అప్పుడే నవీన గదిలోంచి వచ్చింది. చేతిలో పరీక్ష అట్ట, రెండు తెల్ల కాగితాలు, ఒక పెన్ను. తండ్రి ముందు నేల మీద కూర్చుంది.

“బాపు, నా స్టేట్‌మెంట్ రాసుకో.”

“ఏం పరాచికాలే పొద్దుగాల.”

“పరాచికం కాదు. నీకు ఊకె చెప్తే ఎక్కదు. చేతిల పెన్నుంటేనే నువ్వు ఇంటవు. చిన్నప్పటి సంది చూస్తున్న.”

ఆ మాటకు చంద్రమ్మ నవ్వింది. ఐలయ్యకు కూడా నవ్వొచ్చింది, కానీ చెయ్యి అప్పటికే అట్ట అందుకుంది. కాగితం ఎడమ పక్క వేలెడు మార్జిన్ మడిచాడు. ‘నా పేరు నవీన, తండ్రి ఐలయ్య, వయస్సు 25 సంవత్సరములు, వృత్తి ప్రైవేటు ఉద్యోగము, నివాసము అమీర్‌పేట’ అని రాశాక తలెత్తి, స్టేషన్‌లో అన్నట్టే అన్నాడు. “ఊ, చెప్పమ్మా.”

నవీన చెప్పింది. అరగంట చెప్పింది. తడుముకుంటూ, వెనక్కి పోతూ, ఒకసారి మధ్యలో ఆగి నీళ్లు తాగి మళ్లీ చెప్పింది. ఐలయ్య ఎక్కడా ఆపలేదు. తల వంచుకుని, గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా రాసుకుంటూ పోయాడు. కాగితం అడుగుకు వచ్చేసరికి ఆమె చెప్పడం కూడా అయిపోయింది. ఆ కొలత ఆయనకు ఎప్పుడూ తప్పదు. కళ్లద్దాలు సవరించుకుని, అలవాటు ప్రకారం గట్టిగా చదివాడు.

“నేను డిగ్రీ వరకు చదువుకొని ఉన్నాను. నా తండ్రి గారి సలహా మేరకు కానిస్టేబుల్ పరీక్ష వ్రాసి, నా ప్రతిభతో ఎంపికైనాను. ప్రస్తుతము ప్రైవేటు ఆసుపత్రి యందు పని చేయుచున్నాను. ఇట్టి ఉద్యోగమునకు భద్రత లేనందున, కుటుంబ సభ్యులతో ఆలోచించుకొని, ఎవరి ఒత్తిడి లేకుండా, నా ఇష్టపూర్వకముగా, సంతోషముతో శిక్షణలో చేరుటకు సిద్ధముగా ఉన్నాను.”

చంద్రమ్మ చెయ్యి చిక్కుడుకాయల మీద ఆగిపోయింది.

“గిది నేను చెప్పలే బాపు” అంది నవీన.

“చెప్పినవ్ గదా. ఇన్నదే రాసిన.”

“సంతోషంగ పోత అన్ననా? నా నోటితోటి ఆ మాట వచ్చిందా?”

ఐలయ్య కాగితం వైపు చూశాడు. మళ్లీ చూశాడు. అక్షరాలు తనవే. ఆ మాట ఎప్పుడు రాశాడో ఆయనకు నిజంగా గుర్తులేదు. పిల్ల ఎక్కడ నీళ్లు తాగిందో గుర్తుంది, ఏం చెబుతూ ఆగిందో గుర్తులేదు. కావాలని చేసిన పని కాదు. చేతికి దారి తెలుసు, దాని దారిన అది పోయింది. ఎంతమంది ఆ టేబుల్ ముందు కూర్చుని ఏడ్చి, తాము చెప్పని మాటల కింద సంతకం పెట్టి పోయారో అన్న ఆలోచన వచ్చింది. వేలిముద్ర వేసినవాళ్లయితే చదువుకోను కూడా లేదు.

“ఇంకో కాగితం ఉంది గద” అన్నాడు. “మల్ల చెప్పు బిడ్డా. మెల్లగ చెప్పు. నువ్వెట్లంటే గట్లనే రాస్త.”

ఈసారి రెండు గంటలు పట్టింది. మాట మాటకూ ఆపి, గిట్లనే అన్నవా అని అడిగాడు. ఆమె భాషలో రాయడం ఆయనకు చేతకావడం లేదు, చెయ్యి ఊరికే ‘యందు’, ‘మేరకు’ల వైపు లాగుతోంది. కొట్టివేతలు పడ్డాయి. అక్షరాలు మార్జిన్‌లోకి పోయాయి. స్టేషన్‌లో అలాంటి కాగితం వేరేవాళ్లు రాసి ఉంటే వాళ్ల ముఖాన కొట్టేవాడు. దాన్నే పట్టుకుని, ఆగి ఆగి చదివాడు.

“నాకు భయమైతుంది. పరీక్ష బాపు కోసం రాసిన. నౌకరి వచ్చిననాడు బాపు మొఖం చూసి ఏం అనలేకపోయిన. నా పని నాకు ఇష్టం. ఆపరేషన్‌కు ఓకే వచ్చిందమ్మా అని చెప్తే వాళ్లు నా చేతులు పట్టుకుంటరు. ప్రైవేటోళ్లు ఎప్పుడన్న తీసేస్తరు, నాకు తెలుసు. రఘురామ్ అంకుల్‌ను రోజు చూస్తున్న. తీసేస్తే ఇంకోటి ఎతుక్కుంట. బాపును ఎవ్వలు తీసెయ్యలే. గందుకే బాపు ఎటూ పోలేకపోయిండు. డ్యూటీ నుంచి వచ్చి ఇయ్యాల మంచిగైందని ఒక్కనాడు చెప్పలే. చెప్పి ఉంటే నేను పోయేదాన్ని.”

చివరి మాట దగ్గర ఆగిపోయాడు. ఆ నాలుగు ముక్కల్లోనే ఉంది ఆయన భయపడ్డ తీర్పు. విన్నాక ఏడవాలనిపించలేదు, కోపమూ రాలేదు. చాలా దూరం మోసుకొచ్చిన మూట ఎవరో దించితే భుజం ఇంకా నొప్పెడుతున్నట్టు ఉంది.

“సరిగ రాసిన్నా?” అని అడిగాడు.

“సరిగనే ఉంది” అని నవీన సంతకం పెట్టింది.

“ఏం తేలిందయ్యా?” అంది చంద్రమ్మ. రాతకోతలు ఆమెకు రావు గానీ విన్నదంతా అర్థమైంది. అయినా ఆయన నోటితో వినాలని ఉంది.

“పోదట” అన్నాడు ఐలయ్య. “రేపు దవాఖాన్లకే పోతదట.”

చంద్రమ్మ లేచింది. చిక్కుడుకాయల గిన్నె పట్టుకుని వంటింట్లోకి పోయింది. కింది నుంచి రఘురామ్ గారి ఇంట్లో టీవీ వినిపిస్తోంది. ఆయనకు రేపు ఏమని చెప్పాలో ఐలయ్యకు తోచలేదు, అది రేపటి సంగతి.

నేల మీద మొదటి కాగితం మిగిలింది. ఐలయ్య దాన్ని తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు. సర్వీసు మొత్తంలో తాను రాసిన కాగితం ఒక్కటి కూడా చింపింది లేదు. తప్పు పోయినా ఫైల్లో పెట్టాలి తప్ప చింపకూడదని మొదటి రోజే నేర్పారు.

“నువ్వే చింపు” అని కూతురికి ఇచ్చాడు. “నాతోని కాదు.”

నవీన దాన్ని నిలువునా, తర్వాత అడ్డంగా చింపుతుంటే ఆయన చూస్తూ కూర్చున్నాడు. ఆ కాగితంలో ఉన్న పిల్ల, సంతోషంతో ట్రైనింగ్‌కు పోతానన్న పిల్ల, ఆయనకు ఎంతగానో నచ్చింది.