సత్యానందం గారి అరచెయ్యి

భీమవరం షాపులో రిసీవరు, అదే టీవీ సౌండుకి పెట్టే ఆంప్లిఫయరు పెట్టె, ఆన్ చేసి పది నిమిషాలైందో లేదో, దాని మూతకున్న చిల్లుల్లోంచి వెచ్చటి వార్నిష్ వాసన వచ్చింది. కొత్త వస్తువు వేడెక్కితే వచ్చే వాసనే. నేను కళ్లు మూసుకుని, కొత్తగా కొని వెంట తెచ్చుకున్న నా స్పీకరు మీద అరచెయ్యి ఆనించి, ఒక్క నిమిషం ఆగి, "ఇది దీనికి సరిపోదమ్మా, వేరేది చూపించు" అన్నాను. ఓనరు లేచి వచ్చి స్వయంగా కుర్చీ వేశాడు. స్పీకరుకీ ఆంప్లిఫయరుకీ అరచేత్తో జత కుదర్చగలిగిన మనిషిని గోదావరికి ఇటూ అటూ నేనొక్కణ్ణే మిగిలానని అతనికి తెలిసిపోయింది.

ఆ విద్య నాకు నేర్పింది సత్యానందం గారు. పాలకొల్లులో మైకుసెట్టు షాపు నడిపేవారు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. చివరి నెలలో మండపేటలో కూతురింట్లో ఉండి నా కోసం కబురు పంపారు. ఆ కబురుకి నేనేం చేశానన్నది చెప్పడానికే ఇదంతా. మధ్యలో ఈ రిసీవరు గొడవ కూడా వస్తుంది, ఓర్చుకోండి.

ఆయన దగ్గర పనికి చేరేనాటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు, పెళ్లయింది, రైసుమిల్లులో పని పోయింది. మొదటి రోజు నా పనితనం చూపిద్దామని మంచి హుషారైన పాట పెట్టి ఊదరగొట్టాను. ఆయన వచ్చి కట్టేశారు. "పాట ఎవడైనా మోగిస్తాడయ్యా భాస్కరం. మాట వినపడాలి" అన్నారు. నన్ను వీధి చివర చేపల దుకాణం దగ్గర నిలబెట్టి, మైకులో మెల్లగా పేపరు చదివేవారు. నేను విన్నది విన్నట్టు కేకేసి అప్పజెప్పాలి. ఒక్క మాట తప్పినా మళ్లీ తీగలు విప్పడమే. చివర్లో స్పీకరు మీద అరచెయ్యి ఆనించేవారు, జ్వరం చూసినట్టు. ఎందుకండీ అని అడిగితే, "చెవి మనకి నచ్చిందే వింటుంది. చెయ్యి అబద్ధమాడదు" అన్నారు.

భీమవరం దగ్గర ఓ పెద్ద రైతు ఇంట పెళ్లికి నన్ను ఒంటరిగా పంపారు. పెళ్లికూతురి తండ్రి వచ్చి, "మంత్రాలు చెరువుగట్టు దాకా వినపడాలయ్యా" అన్నాడు. పెద్దమనిషి అడిగాక కాదనడమెలా? ఉన్న రెండు కొమ్ము స్పీకర్లు చాలక, అదే ఆంప్లిఫయరుకి ఇంకో రెండు తగిలించాను. సరిగ్గా జీలకర్రా బెల్లం వేళకి సన్నటి పొగ లేచింది. పురోహితుడి పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. అప్పుడే భోజనానికని వచ్చిన సత్యానందం గారు పందిట్లో అడుగు పెట్టారు.

"ఎవడు చేశాడీ పని?" అని పెళ్లికూతురి తండ్రి గుడ్లురిమాడు.

"నేనేనండి. లెక్క తప్పాను" అన్నారాయన, నా వైపు చూడకుండా.

తిరిగొచ్చేటప్పుడు వ్యానులో ఆంప్లిఫయరు విప్పి, మాడిపోయిన ట్రాన్స్‌ఫార్మరు తీసి నా ఒళ్లో పెట్టారు. "వాసన చూడు."

"తప్పయిపోయిందండి."

"అది కాదయ్యా, వాసన గుర్తుంటుందా, ఉండదా? ఆంప్లిఫయరు కాలువనుకో. నువ్వు తగిలించేవన్నీ తూములు. ఓమ్‌లంటే కరెంటుకి అడ్డు, అవి తగ్గాయంటే తూము పెద్దదైనట్టు. కాలువ ఇవ్వగలిగినదానికంటే ఎక్కువ లాగితే గట్టు తెగదూ?"

ఆ ఇంటివాళ్లు, వాళ్ల చుట్టాలు మళ్లీ ఆయన్ని పిలవలేదు. ఆ తప్పు నాదని ఆయన నోటెంట ఎప్పుడూ రాలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాను.

చెప్పడం మొదలుపెట్టాను కనక భీమవరం షాపు సంగతీ ఒప్పేసుకుంటాను. నా అరచేతికి ఏమీ తెలియలేదు. షుగరు వల్ల వేళ్లు తిమ్మిరెక్కి రెండేళ్లయింది. చెయ్యి ఆనించడానికి ముందే ఫోను టార్చి వేసి వెనక అంకెలు చదివేశాను. స్పీకర్ల మీద నాలుగు ఓమ్‌లని ఉంది. రిసీవరు మీద ఆరుకి తగ్గకూడదని ఉంది. ఇక ఓనరు కుర్చీ వేసిన మాట నిజమే. నా మోకాళ్లు చూసి వేశాడు.

అసలు రిసీవరు మా సరోజిని కోసం. ఈమధ్య నా భార్యకి చెవి మందగించింది. "సీరియల్లో ఏడుపు వినపడుతోంది గానీ ఎందుకేడుస్తున్నారో తెలీట్లేదండీ" అంటుంది. తొందరపడి, చూడ్డానికి బాగున్నాయని స్పీకర్లు ముందు కొనేశాను. రిసీవరుకి ముప్పై వేలు మిగిలాయి.

"తొమ్మిది ఛానల్సండి అంకుల్, తొమ్మిది స్పీకర్లు పెట్టుకోవచ్చు, పైనుంచి కూడా సౌండొస్తుంది" అంది షాపులో అమ్మాయి.

"మా ఇంటి పైనుంచి వాన కారుతోంది, అది చాలమ్మా. వాట్లెన్ని?"

"నూట యాభయ్యండి."

"ఒక్క స్పీకరు మోగితేనా, అన్నీ మోగితేనా?"

ఆ అమ్మాయి పుస్తకం తిరగేసి, "ఒక్కటి మోగితేనండి" అని నవ్వేసింది. చివరికి పాత మోడలు ఒకటి, అయిదు ఛానల్సుది, నాలుగు ఓమ్‌లకి ఓర్చుకునేది, మూల నుంచి దుమ్ము దులిపి తీసింది. ఇరవై ఎనిమిది వేలు. ఇంటికొచ్చి మాటలు పలికే మధ్య స్పీకరుని కాస్త పెంచి, మిగతావి తగ్గించాను. సరోజిని రెండు నిమిషాలు విని, "ఓహో, ఆస్తి కోసమా ఏడుపు!" అంది.

సత్యానందం గారికి అలాంటి రోజు రాలేదు. ముప్పై ఏళ్లు కొమ్ముల కింద నిలబడ్డ మనిషి, మెల్లమెల్లగా పూర్తిగా చెవిటివారైపోయారు. షాపు మూసేశారు. అప్పటికి నేను రొయ్యల మేత కంపెనీలో స్టోర్ కీపర్ని. దారిలో ఎదురైతే ఏదో అడిగేవారు. నేను చెప్పింది వినపడక నా పెదాలకేసి చూసేవారు. ఆ చూపు భరించలేక సందు మార్చి వెళ్లిన రోజులున్నాయి. ఒకరోజు ఆయన అల్లుడు మండపేట నుంచి ఫోను చేశాడు. "మావయ్య గారు మిమ్మల్ని అడుగుతున్నారండి. చిన్న ఆంప్లిఫయరూ, ఓ స్పీకరూ తెమ్మంటున్నారు. వినపడదు కదండీ, ఎందుకో మాకు తెలీట్లేదు."

నాకు తెలుసు. మర్నాడు రెండూ గోనెసంచీలో పెట్టుకుని బస్సెక్కాను. ఆయన మంచం పక్కన స్పీకరు పెట్టి, పాత క్యాసెట్టులో ఆయన గొంతే పెట్టాను, పేపరు చదువుతున్నది. ఆ ఎముకల చెయ్యి తీసి స్పీకరు మీద ఆనించాను. చాలాసేపు అలాగే ఉంచారు. "శభాష్ భాస్కరం" అన్నారు. కాదు, అనలేదు, అది నేను కలిపాను. నవ్వారంతే. ఈ రోజుకీ ఏది మోగినా నా తిమ్మిరి చెయ్యి దానిమీదికి పోతుంది. ఏమీ తెలియకపోయినా కాసేపు ఉంచుతాను.

ఇక్కడితో రాయడం ముగించి ఈ కాగితాలు సరోజినికిచ్చాను. చివరిదాకా చదివి, కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"పెళ్లిలో తప్పు మీదని ఒప్పుకున్నారు, బానే ఉంది. మరి ఇదేంటండీ? మండపేట వెళ్లింది మీరా? మేత లోడు వచ్చిందని బస్టాండులో సంచీ నా చేతికిచ్చి వెనక్కి పోలేదూ? ఆయన చెయ్యి తీసి స్పీకరు మీద పెట్టింది నేను. ఆయన నవ్వలేదు. 'భాస్కరం రాలేదా అమ్మా' అని అడిగారు. పనుండి రాలేదండీ అన్నాను. ఆయనకి వినపళ్లేదు. మళ్లీ అడిగారు."